పాతర మీద గడ్డివామి

నేను ఆత్మకూరు హైస్కూల్లో చేరేనాటికి సోషల్ స్టడీస్ అనే మాటే కొత్త. అంతకుముందు చరిత్ర వేరు, భూగోళం వేరు, పౌరశాస్త్రం వేరు. మూడింటినీ కలిపి ఒకే పుస్తకం చేసి, ట్రైనింగు ముగించుకుని వచ్చిన నాలాంటి కుర్రవాళ్ళకు అప్పగించారు. నాకప్పుడు ఇరవై నాలుగేళ్ళు. తూర్పున కాలవల కింద మాగాణి పల్లెలో పెరిగినవాణ్ణి. వాన పడకపోతే ఏమవుతుందో నాకు పుస్తకాల్లో తప్ప తెలియదు.

ఆ యేడు పడమటి పల్లెల్లో వాన పడలేదు. జొన్న మోకాలెత్తు లేచి ఎండిపోయింది. నాలుగో ఫారం పిల్లల్లో కొందరు మధ్యాహ్నం బెల్లు కొట్టాక బావి దగ్గర కడుపునిండా నీళ్ళు తాగి మళ్ళీ వచ్చి కూర్చునేవాళ్ళు. సరిగ్గా ఆ రోజుల్లోనే, దాదాపు ఎనభై యేళ్ళ కిందటి ధాత కరువు పాఠం వచ్చింది. పాఠమంటే నాలుగు వాక్యాలు. వానలు లేవు, గింజలు లేవు, జనం చచ్చిపోయారు, సర్కారువారు పనులు పెట్టించారు. చదవడం ముగించి తలెత్తితే గంటలో ఇంకా ముప్పావు వంతు మిగిలే ఉంది.

"మీ ఇళ్ళల్లో బాగా ముసలివాళ్ళుంటే ఆ కరువు సంగతి అడిగి రాసుకురండి" అన్నాను. అప్పటికి నాకది గొప్ప ఆలోచనగానే తోచింది.

సోమవారం ఒక్కొక్కరే లేచి చదివారు. ఒకడి జేజి చింతగింజలు ఉడకేసుకుని తిన్నదట. ఇంకొకడి తాత నాగజెముడు పండ్లు తిని నోరు పుండు చేసుకున్నాడట. పిల్లలు నవ్వారు. నేనూ నవ్వాను. తరవాత వెనక బెంచీలో ఉన్న పిల్లవాడు లేచాడు. అనంతసాగరం వైపు పల్లె వాడిది. అప్పట్లో హరిజనవాడ అనేవాళ్ళు, ఆ వాడ నుంచి నాలుగో ఫారం దాకా వచ్చిన మొదటివాడు. గొంతు చిన్నది. మొత్తం తరగతి చెవి ఒగ్గి వినాల్సి వచ్చింది.

కరువునాటికి వాళ్ళ అవ్వకు ఏడేళ్ళు. ఊళ్ళో పెద్దింటివాళ్ళ కళ్ళంలో మూడు పాతరలు ఉండేవి. నేలలో నిలువునా గొయ్యి తవ్వి, జొన్నలు పోసి, పైన మట్టి కప్పేస్తారు. ఊరంతా ఎవరిదో చావు దగ్గర ఉన్న ఒక మిట్టమధ్యాహ్నం, అవ్వ తండ్రీ ఆయన తమ్ముళ్ళిద్దరూ వెళ్ళి ఒక పాతర నోరు తెరిచారు. లోపల చెడ్డ గాలి ఉంటుంది కనుక తెరిచిన వెంటనే దిగకూడదనీ, ఒక పూట గాలి ఆడనివ్వాలనీ, లాంతరు దించి చూసి అది ఆరిపోకుండా ఉంటేనే దిగాలనీ వాళ్ళకు తెలుసు. ఏటేటా ఆ పాతరల్లో గింజలు పోసిందీ తీసిందీ వాళ్ళే. అయినా ఆకలి ఆగనివ్వలేదు. మొదట తండ్రి దిగాడు. ఉలుకూ పలుకూ లేకపోయేసరికి ఒక తమ్ముడు దిగాడు. వాడి కోసం మూడోవాడు దిగాడు. ఎవరూ పైకి రాలేదు. పెద్దింటాయన వచ్చి చూసి, ముగ్గురినీ బయటికి తీయించకుండానే పాతర పూడ్పించేశాడు.

"ఇప్పుడు దాని మీద గడ్డివామి ఉంది" అని చదివి వాడు కూర్చున్నాడు.

ముందు బెంచీలో ఆ పెద్దింటి పిల్లవాడు ఉన్నాడు. వెనక్కి తిరిగి, కోపంతో కాదు, ఆశ్చర్యపోయి, "సార్, ఆ వామి మాదే" అన్నాడు.

నేను అక్కడితో ఆపి ఉండాల్సింది. ఆపలేదు. నా తరగతిలోకి నిజమైన చరిత్ర నడిచి వచ్చిందని ఉప్పొంగిపోయాను. "బాగా రాశావు. దీన్ని అందరూ నోటు పుస్తకాల్లో ఎక్కించుకోండి" అన్నాను.

మూడో రోజు హెడ్మాస్టరు కబురు పంపారు. ఆయన గదిలో ఆ పెద్దింటి పిల్లవాడి తండ్రి కూర్చుని ఉన్నాడు. బడికి రెండు గదులు కట్టించిన మనిషి. గొంతు పెంచలేదు.

"అయ్యవారూ, మా తాతను మీరు చూసినారా?"

"లేదండీ."

"నేనూ చూళ్ళా. మరి యెవరు చూసినారని పిల్లకాయల చేత రాయిస్తా ఉండారు?"

"ఒక ముసలామె చెప్పిందండీ."

"ముసిలామె చెప్తే అది చరిత్రా?" అని ఆయన లేచి, హెడ్మాస్టరుకు దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు.

హెడ్మాస్టరు మంచివాడే. తలుపు చేరవేసి నెమ్మదిగా చెప్పారు. "నీ ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదయ్యా. క్లాసులో రెండు మాటలు అనెయ్యి. నీ మనసులో ఏముంటే అది నీ మనసులో ఉంటుంది."

మర్నాడు తరగతిలో అన్నాను. రుజువు లేనిది చరిత్ర కాదన్నాను. మొన్న విన్నది కట్టుకథ అన్నాను. ఆ పేజీ చించెయ్యమన్నాను. ముప్ఫై పుస్తకాల్లో కాగితాలు చిరిగిన చప్పుడయింది. వెనక బెంచీ పిల్లవాడు కూడా చించాడు. చించి, తెచ్చి నా బల్ల మీద పెట్టి, నా మొహం వైపు చూడకుండా వెళ్ళి కూర్చున్నాడు. ఆ సాయంత్రం ఆ కాగితం పొయ్యిలో పెట్టాను. దాచుకునే ధైర్యం కూడా నాకు లేకపోయింది.

వాన లేని ఆ రోజుల్లో వాడి ఊళ్ళో దొరికే కూలి ఒక్కటే, పెద్దింటివాళ్ళ బావి పూడికతీత. పిల్లవాడి తండ్రిని రేపటినుంచి రావద్దన్నారని విన్నాను. పిల్లవాడు బడికి రావడం మానేశాడు. పదిరోజుల తరవాత, కట్టెల బండి మీద వాళ్ళ అవ్వ బడికి వచ్చింది. వరండా ఎక్కమంటే ఎక్కలేదు. ఎండలోనే కర్ర ఊనుకుని నిలబడింది.

"నువ్వేనా అయ్యా, మా పిల్లోడి అయ్యోరు?"

"నేనే అవ్వా."

"నేను చెప్పింది అబద్ధమని చెప్పినావంట గదా."

నేను మెట్లు దిగి ఆమె ఎదుటికి వచ్చాను.

"రాసినావా, నోటితో అన్నావా?"

"నోటితోనే."

"అయితే పోనీలే" అంది. కర్ర చెయ్యి మార్చుకుని మళ్ళీ అంది. "మా నాయన అందులోనే ఉండాడయ్యా. ఆ వామిలో గడ్డి పీకే కూలికి యాభై యేండ్లు పోయినా. కాలు పెట్టినప్పుడల్లా చెప్పి పెట్టేదాన్ని, నాయనా నేనేలే అని."

"పిల్లవాణ్ణి మాత్రం బడి మాన్పించొద్దు" అన్నాను. ఏదో ఒకటి అనాలి కనుక.

"నువ్వు అడగమంటే గదా వాడు నన్ను అడిగింది. నా కడుపున పుట్టినోళ్ళకు గూడా చెప్పలా. చదువుకునే బిడ్డ అడిగినాడని చెప్పినా. ఇంక నువ్వు అడగబాక, వాడు రాడు."

పిల్లవాడు రాలేదు. వేసవి సెలవుల్లోపే నా ఉద్యోగం ఖాయమయింది.

రెండేళ్ళకు ఉదయగిరికి బదిలీ అయింది. కిటికీలోంచి కొండ కనిపించేది, దాని మీద కోట. ఆ కోటను ఏ రాజు పట్టుకున్నాడు, ఎవరు ఎన్నాళ్ళు ముట్టడించారు, అన్నీ శ్రద్ధగా చెప్పేవాణ్ణి. ఎవరినీ ఇంట్లో ఏమీ అడిగి రమ్మనలేదు.

అక్కడికి వెళ్ళిన మూడో యేడు, కలిగిరి రోడ్డు మీద కంకర కొట్టే కూలీల్లోంచి ఒక మనిషి లేచి "సార్" అన్నాడు. నేను గుర్తుపట్టలేదు. ఊరి పేరు చెప్పాక పట్టాను. మీసం వచ్చింది, చేతులకు గుడ్డపీలికలు చుట్టుకుని ఉన్నాడు. పక్కనే ఉన్న టీ అంగడికి పిలిచాను. అవ్వ నన్ను చూసి వెళ్ళిన ఆ యేడు ఎండల్లోనే పోయిందని చెప్పాడు.

నేను చేసిన పనికి క్షమించమని అడుగుదామనుకుంటున్నాను. మాట కూడగట్టుకునేలోపే వాడు అన్నాడు.

"అప్పుడు నేను ఒకటి రాయలా సార్."

"ఏంది?"

"పాతర పూడ్చింది పెద్దింటోళ్ళు కాదు. వాళ్ళు పార పట్టుకుంటారా? మా వాడోళ్ళే పూడ్చినారు. అవ్వకు సొంత మేనమామ గూడా ఉండినాడంట అందులో. తలకు రెండు మానికల జొన్నలు కొలిచినారంట. మేనమామ తెచ్చిన జొన్నలతోనే అవ్వ బతికిందంట."

"అది అవ్వే చెప్పిందా?"

"చెప్పింది. అదీ రాసుకోరా అనింది. నాకే చెయ్యి రాలా. మా వాళ్ళు గదా సార్."

టీ చల్లారిపోయింది. ఇద్దరం తాగలేదు. నేను దేనికి రుజువు లేదన్నానో దానికి ఇంతకన్నా రుజువు ఏముంటుంది? కల్పించుకునే మనిషి తన మేనమామ చేతికి పార ఇవ్వదు. ఆ మాట వాడితో అనలేకపోయాను. క్షమించమనీ అడగలేకపోయాను. మేస్త్రీ కేకేస్తే వాడు లేచి వెళ్ళి కంకర కుప్ప దగ్గర కూర్చున్నాడు.

ఆ మధ్యాహ్నం ఐదో ఫారానికి నా గంట. ఆ పాతర సంగతి చెబుదామనే వెళ్ళి నిలబడ్డాను. చివరికి, పుస్తకం తెరిచి కిందటి పాఠం ఎక్కడ ఆపామో అక్కడినుంచి చదవమని ముందు బెంచీలో పిల్లవాడికి చెప్పాను.