మా ఆయన ఓడిన కుస్తీ

మా ఆయన తాలూకాఫీసులో బంట్రోతు. పొద్దున్నే తాలింఖానాకు పోయి కుస్తీ పట్టి, ఒళ్లంతా మట్టితో ఇంటికి వచ్చి, నీళ్లు పోసుకుని ఆఫీసుకు పోయేవాడు. ఆంధ్ర రాష్ట్రం కొత్తగా ఏర్పడిన రోజుల్లో, డేరా వేసి టికెట్ల మీద కుస్తీలు ఆడించే కంపెనీ ఒకటి మా వైపు వచ్చింది. దాని మేనేజరు ఈయనతో ముందే మాట్లాడుకున్నాడు. జమ్మలమడుగులో ఈయన గెలవాలి, ప్రొద్దుటూరులో ఓడాలి. అట్లయితేనే రెండు చోట్లా జనం విరగబడి వస్తారట.

ఈ ఒప్పందం మా నాయనకు తెలియదు. పులివెందులలో గొర్రెలు, మేకలు తప్ప మరో ధ్యాస లేని మనిషి, జమ్మలమడుగులో అల్లుణ్ణి భుజాల మీదికెత్తుకుని డేరా అంతా తిరిగాడు. ఆ గెలుపు గురించి పులివెందులలో ఆయన నోట విననివాళ్లు లేరు. మందకు కూడా చెప్పి ఉంటాడని నా అనుమానం.

ప్రొద్దుటూరు కుస్తీ కోసం మా ఆయన ఇంట్లో బొంతలు పరిచి పడడం నేర్చుకున్నాడు. నేను చింతకాయలు దంచుతూ, "ఇట్ల పడితే అలిగి పండుకున్నట్టుండాది" అనేదాన్ని.

తీరా ఆ రోజూ అట్లాగే పడ్డాడు. అవతలి వస్తాదు చేయి సరిగా తగలకముందే పక్కకు ఒరిగాడు. వీపు నేలకు ఆనితేనే ఓటమి. ముందు వరసలో మా నాయన లేచి నిలబడ్డాడు.

"ఆనలేదప్పా. మా అల్లుని వీపు ఆనలేదు. నేను చూస్తానే ఉండా."

జనం ఆ మాటనే అందుకున్నారు. రెఫరీ నీళ్లు నమిలాడు. కింద పడి ఉన్న మా ఆయనే తలెత్తి, "ఆనింది మామా, శానా బాగా ఆనింది" అని వీపు ఇంకోసారి నేలకు ఒత్తి చూపించాడు. నేను కొంగు నోట్లో కుక్కుకున్నాను.

ఇంటికి వచ్చాక మా నాయన సంగటి ముట్టలేదు. "ఊర్లో తల యాడ పెట్టుకునేది?" అన్నాడు. నాకు నవ్వు పోయి జాలేసింది. మా ఆయన కూడా తట్టుకోలేక నిజం చెప్పేశాడు.

"బాధపడొద్దు మామా. నేను ఓడింది ఉత్తుత్తిదే. ముందే మాట్లాడుకునిందే."

మా నాయన మొహం విప్పారింది. అంతలోనే ఏదో తట్టినట్టు ఆగి, మెల్లగా అడిగాడు.

"మరి, జమ్మలమడుగులో గెలిచింది?"

మా ఆయన నా వైపు చూశాడు. నేను మజ్జిగ చెంబు వైపు చూశాను.

మా నాయన సంగటి పళ్లెం దగ్గరికి లాక్కున్నాడు.

"ఈ పొద్దు నువ్వు ఓడిపోయినావులే అల్లుడా" అన్నాడు. "వీపు ఆనింది. నేనే సరిగా చూడలే."