మామను మాట్లాడించడానికి కట్టిన ఓడ

పెళ్ళయిన మొదటి రెండేళ్ళలో మా మామ నాతో మాట్లాడినవి మొత్తం మూడు మాటలు. గడప దగ్గర "వచ్చినారా", విస్తరి ముందు "తినండి", బస్సు ఎక్కేటప్పుడు "పోయిరాండి". నాలుగో మాట విన్న పాపాన పోలేదు. పిల్లనిచ్చిన మామకు కోపముంటే దానికొక కారణముంటుంది, బతిమాలుకోవచ్చు. ఈయనకు కోపమూ లేదు, అలకా లేదు. కుప్పం నుంచి గుడుపల్లె పోయే దారిలో కొంచెం మెట్ట చేను, చేనులోనే ఇల్లు, ఇంటి ముందు ఆయన. నేను పోగానే మంచం వాల్చేవాడు, తనూ ఒక చివర కూర్చునేవాడు. ఇద్దరమూ రోడ్డు మీద పోయే లారీలను చూస్తూ ఉండేవాళ్ళం.

నాకు మౌనం అస్సలు పడదు. మాది మదనపల్లెలో టమోటా మండీ. పొద్దున్నే వేలం పాడి పాడి గొంతు బొంగురుపోయినవాణ్ణి. మండీలో నోరు మూసుకుని అర నిమిషం నిలబడితే సరుకు పక్కవాడు ఎత్తుకుపోతాడు. అలాంటివాణ్ణి తీసుకెళ్ళి ఉలకని పలకని మనిషి పక్కన కూర్చోబెడితే ఏం కావాలి? వాన గురించి ఎత్తాను, "ఊఁ" అన్నాడు. రాగుల గురించి ఎత్తాను, ఈసారి ఊఁ కూడా లేదు. తిరుగు బస్సులో మా ఆవిడ మీద విరుచుకుపడ్డాను.

"మీ నాయనకు నేను నచ్చలేదా? ఆ ముక్క పెండ్లికి ముందరే చెప్పల్ల గదా."

"మాతో మాత్రం ఏం మాట్లాడతాండాడు?" అంది ఆమె తాపీగా. "ఇరవై ఏండ్లు మద్రాసులో ఓడల్లో పనిచేసి వచ్చినాడు. మాటలన్నీ ఆడనే అయిపోయినాయేమో."

ఓడల్లో! ఆ సంగతి నాకెవరూ చెప్పలేదు. ఆ క్షణమే మా మామ నా కళ్ళకు తెల్ల దుస్తుల్లో, దుర్భిణి పట్టుకుని, అలల మధ్య కనిపించాడు. ఏ పని చేసేవాడని మా ఆవిడను అడిగితే, "ఓడ పనే" అంది. ఆమెకూ అంతకు మించి తెలియదు.

కొన్నాళ్ళకు మండీలో టమోటా పెట్టెల అడుగున పరిచే పాత కాగితాల కట్ట విప్పుతుంటే ఏదో విదేశీ పత్రిక బయటపడింది. రెండు పేజీల నిండా రంగుల బొమ్మ. తెరచాపలు కట్టే నిలువు కొయ్యలు మూడున్న ఓడ, చుట్టూ నీలం సముద్రం. చూడగానే బుర్ర వెలిగింది. నోటితో పలకరిస్తే పలకని మనిషి ఓడను ఎదురుగా పెడితే పలక్కుండా ఎట్లుంటాడు? మా ఎదురింట్లో ఉండే, బళ్ళో ఇంగ్లీషు చెప్పే అయ్యవారు చిన్నక్షరాలన్నీ చదివి, అసలు ఓడ పొడవు రెండు వందల అడుగులని చెప్పాడు. నూరడుగులకు ఒక అడుగు లెక్క వేసుకున్నాను. రెండడుగుల ఓడ, ఒళ్ళో పెట్టుకుని బస్సులో పోవచ్చు. ఆరు నెలల్లో అయిపోతుందనుకున్నాను. మూడేళ్ళు పట్టింది.

చెక్కకు కొదవ లేదు. అప్పట్లో టమోటాలన్నీ చెక్క పెట్టెల్లోనే పోయేవి. ప్లాస్టిక్ క్రేట్లు వచ్చాక నాలాంటివాడికి చెక్క ఎట్లా అని ఎవరూ ఆలోచించలేదు, అది వేరే సంగతి. విరిగిన పెట్టెల పలకలు తెచ్చి, చీల్చి, గాజుపెంకుతో గీకి, గరుకు ఉప్పుకాగితంతో రుద్దేవాణ్ణి. ఓడ పక్కలు వంపు తిరగాలి కదా, చెక్క వంగాలంటే ఆవిరి పట్టించాలి. ఆవిరి అనగానే మా ఇంట్లో ఒకటే యంత్రం, ఇడ్లీ పాత్ర. మధ్యాహ్నం మండీ కట్టేసి వచ్చి, ఇడ్లీ పాత్రలో పలకలు పెట్టి, మెత్తబడగానే తీసి వంచి, తాళ్ళతో కట్టి ఆరబెట్టేవాణ్ణి. ఆ మూడేళ్ళూ మా ఇంటి ఇడ్లీలు కొయ్య వాసన కొట్టాయి. బంధువులు ఎవరూ టిఫిను వేళకు వచ్చేవాళ్ళు కాదు. ఆ లాభం గురించి మా ఆవిడ ఎప్పుడూ చెప్పదు.

తాళ్ళకు పట్టు దారం. మా వీధి చివర పట్టుగూళ్ళు ఉడకబెట్టి దారం తీసేవాళ్ళు, అడిగితే తెగిన దారాలు పిడికెడు ఇచ్చేవాళ్ళు. ముడులు వేయడం నాకు రాదు. మా మండీ హమాలీని అడిగితే, లారీ మీద పెట్టెలకు వేసే ముడి నేర్పాడు. అన్నిచోట్లా అదే వేశాను. తెరచాపకు నా పాత పంచె చింపాను. పూర్తయ్యాక చూస్తే నా ఓడ ఏ తుఫానుకూ చెదరనంత బిగువుగా, బెంగుళూరుకు బయలుదేరిన లోడులాగా ఉంది.

చూడటానికి జనం వచ్చేవాళ్ళు. పెద్దమండ్యం రైతు ఒకాయన సరుకు దించి తిన్నగా మా ఇంటికొచ్చి, చుట్టూ తిరిగి, "దీంట్లో ఎన్ని పెట్టెలు పడతాయప్పా?" అని అడిగాడు. మద్రాసు పోయొచ్చినవాళ్ళు ఒకరిద్దరు మెరీనాలో నిలబడి ఓడలను చూశామని, అచ్చం ఇట్లాగే ఉంటాయని ధ్రువపత్రం ఇచ్చారు. ఆయుధపూజ నాడు మా అమ్మ మండీ తక్కెడకు, లారీకి పసుపు కుంకుమలు పెట్టి ఓడ దగ్గరికొచ్చి ఆగిపోయింది.

"ఏమప్పా, చక్రాల్లేని బండికి నిమ్మకాయలు యాడ పెట్టల్ల?"

ఇంగ్లీషు అయ్యవారిని అడిగితే ఆయనా తెల్లమొహం వేశాడు. చివరకు నాలుగు మూలలా నాలుగు పెట్టి, ఓడ తొక్కలేదు గనక నేనే తొక్కేశాను. చిన్న బూడిద గుమ్మడికాయ కూడా కొట్టాం.

తొంభైల చివర ఒక ఎండాకాలం, ఓడను దుప్పటిలో చుట్టుకుని మా ఆవిడతో కుప్పం బయలుదేరాను. పుంగనూరులో బస్సు మారాలి. స్టాండులో కూర్చుని కొయ్య ఏమన్నా విరిగిందేమోనని దుప్పటి విప్పాను, అదే తప్పయిపోయింది. నిమిషంలో యాభైమంది మూగారు. ఒక ముసలమ్మ చెప్పులు విడిచి దండం పెట్టింది.

"ఏ దేవర వాహనమప్పా ఇది?"

"దేవరది కాదమ్మా, ఉత్త ఓడ."

"ఏదైతేనేంలే, ఇంత పని చేసినావు," అని తన సంచిలోని గుడి పొట్లం విప్పి నడిమి కొయ్యకు కుంకుమ పెట్టింది.

ఇంకో పెద్దాయన కిందికి వంగి తేరిపార చూసి, "ఇదీ మా పుంగనూరు ఆవు మాదిరి పొట్టి జాతేనా? ఇంగ పెరగదా?" అన్నాడు. నూరడుగులకు ఒక అడుగు లెక్క ఆయనకు విడమరిచి చెప్పబోయాను. మా ఆవిడ నా చొక్కా పట్టి బస్సులోకి లాగింది. కండక్టరు దాన్ని లగేజీ కింద రాయాలో వద్దో తేల్చుకోలేక పలమనేరు దాకా నా వైపే చూశాడు. నాకవేవీ పట్టలేదు. దారి పొడుగునా ఒకటే ఆలోచన. ఈసారి మామ మాట్లాడాలి. మాట్లాడకపోతే ఇంక ఈ జన్మకు ఆ గడప తొక్కినా ఒకటే, తొక్కకపోయినా ఒకటే.

మామ ఎప్పటిలాగే "వచ్చినారా" అన్నాడు. మంచం వాల్చాడు. నేను కూర్చోలేదు. ఓడను మంచం మధ్యలో పెట్టి దుప్పటి తీసి పక్కకు జరిగాను.

ఆయన చూశాడు. చుట్టూ ఒకసారి తిరిగాడు. వంగి చూశాడు. తర్వాత రెండు చేతులతో పైకెత్తి, కొయ్యలన్నీ కిందికి వేలాడేలా తలకిందులు చేశాడు. అడుగుభాగాన్ని అరచేత్తో తడిమాడు. నా మొహం వైపు చూశాడు.

"మిగిలిన సగం యాడప్పా?"

ఆ ప్రశ్న అర్థం కాకముందే నాకు పట్టరాని సంతోషం కలిగింది. మూడేళ్ళ కష్టానికి ఒక వాక్యం రాలింది! ఆ తర్వాతే ప్రశ్న ఏమిటని ఆలోచించాను.

"ఏ సగం మామా?"

"కింద సగం. నీళ్ళల్లో ఉండేది."

బొమ్మలో ఓడ సముద్రం మీద ఉంది. సముద్రం ఎక్కడ మొదలైందో నేను అక్కడికి ఓడను ఆపేశాను. ఆపేసి, అడుగున పీటకు కొట్టినట్టు చదునుగా పలక కొట్టాను. నీళ్ళ కింద కూడా ఓడ ఉంటుందని నాకు తట్టలేదు. నాకు తట్టకపోతే పోయింది, మా ఊళ్ళో ఒక్కరికన్నా తట్టాలి కదా! ఇంగ్లీషు అయ్యవారికి తట్టలేదు. మెరీనా చూసొచ్చినవాళ్ళకు తట్టలేదు. బావిలో నీళ్ళున్నాయా లేవా అని తొంగిచూడటమే తప్ప, నీళ్ళ కింద ఏముంటుందని ఆలోచించే అలవాటు మా సీమలో లేదు. నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియక మా ఆవిడ వైపు చూశాను. ఆమె కొంగు నోట్లో కుక్కుకుని వంటింట్లోకి పరిగెత్తింది.

"ఇట్లనే నీళ్ళల్లో వదిల్తే గాలికి బోర్లా పడతాది," అన్నాడు మామ. "ఓడకు బలమంతా కిందనే ఉండాది. పైన ఉండేది ఎవురైనా సూస్తారు. కిందది మేమే సూసేది."

ఇక ఆయన ఆగలేదు. నీళ్ళు తోడేసిన పెద్ద గుంతలో ఓడను దిమ్మెల మీద ఎట్లా నిలబెడతారో చెప్పాడు. దాని కడుపు కింద చేరి, అంటుకున్న గవ్వలనూ పాచినీ ఇనుప పారతో ఎట్లా గీకేవాళ్ళో, గీకినాక ఎర్ర రంగు ఎన్ని పూతలు వేయాలో చెప్పాడు. తల పైకెత్తి గీకితే పెంకులు కళ్ళల్లో పడతాయని, అందుకే ఎవరూ నోరు తెరిచేవాళ్ళు కాదని చెప్పాడు. ఇదీ ఆయన ఇరవై ఏళ్ళ ఓడ పని. మా అత్త కాఫీ లోటాతో వచ్చి, ఎవరు మాట్లాడుతున్నారో తెలియక గుమ్మంలోనే నిలబడిపోయింది. ఇంకో విషయం నాకు కాఫీ తాగేటప్పుడు గాని తట్టలేదు. అల్లుడిగా అడుగుపెట్టిన నాటి నుంచి "మీరు" అన్నవాడు, ఆ పూట నన్ను "నువ్వు" అనేశాడు.

"నువ్వు రేపటికి పోవద్దులే," అన్నాడు. "కింద సగం నేను జేస్తా."

మండీ మంచి సీజనులో ఉంది. అయినా మూడు రోజులు నేను పోలేదు. మామ పోయి చేను గట్టున ఎండి నిలబడ్డ కిత్తనార మాను ఒకటి కొట్టుకొచ్చాడు, బెండులాగా తేలిక. మచ్చుకత్తితో చెక్కడం మొదలుపెట్టాడు. నేను పట్టుకోవడమే. నా బొమ్మ కాగితం చూపించబోతే అవతల పెట్టమన్నాడు. కాస్త చెక్కేవాడు, కళ్ళు మూసుకుని బొటనవేలితో తడిమేవాడు, మళ్ళీ చెక్కేవాడు. "కడుపు ఈడికి నిండుగా ఉండల్ల. ముందరికి పోయేకొద్దీ సన్నం కావల్ల," అంటూ నా చేతిని కూడా లాగి తడిమించాడు. ఎద్దులబండికి వేయగా మిగిలిన ఎర్ర రంగు మూడు పూతలు పూశాడు. ప్రతి పూతా ఆరాక గాని తర్వాతిది వేయనివ్వలేదు. నేను మూడేళ్ళలో చేసినదాని కంటే ఆయన మూడు రోజుల్లో చేసింది నున్నగా ఉంది. ఒప్పుకోవడానికి ఈర్ష్య అడ్డొచ్చింది గాని, చివరికి ఒప్పుకున్నాను.

నాలుగో రోజు మధ్యాహ్నం రెండు సగాలూ అతికించి, రెండు రాళ్ళ మధ్య నిటారుగా నిలబెట్టాం. అప్పుడు ఆయన మొదటిసారి పై భాగాన్ని తీరిగ్గా చూశాడు.

"ఇదేంది ఈడ గది మాదిరి?"

"కెప్టెన్ గది మామా."

"ఈ చక్రం?"

"ఓడను తిప్పేది. ఇదో, ఇది పడవలు దించే చోటు. దీని మీదెక్కి దూరం చూస్తారు." పత్రికలో అయ్యవారు చదివిపెట్టిందంతా ఒప్పజెప్పాను. ఆయన బుద్ధిగా విన్నాడు. నాకే అనుమానం వచ్చింది. "నీకు తెలీనిదేముంది మామా? ఇరవై ఏండ్లు ఓడల్లో ఉండావు."

"పైకి ఎప్పుడూ ఎక్కలేదప్పా," అన్నాడు. "మా పని కిందనే గదా. రంగు ఆరినంక గుంతకు నీళ్ళొదిల్తారు, అది పోతాది. ఇంగోటి వస్తాది."

సముద్రమంటే ఎట్లుంటుందో తెలియని నేను, ఇరవై ఏళ్ళు ఓడలు మోసినంత పని చేసిన మనిషికి ఓడ చూపిస్తున్నాను. నాకు చాలా సిగ్గేసింది. ఐదేళ్ళుగా ఆయన్ను మాట్లాడించాలనుకున్నానే తప్ప, నువ్వేం పని చేసేవాడివి మామా అని ఒక్కసారి అడగలేదు. నేనే కాదు, ఆ ఇంట్లో ఎవరూ అడగలేదు.

ఆయన వేలు ఓడ పైభాగాన తిరుగుతూ తిరుగుతూ ఒకచోట ఆగింది. "ఈ పుల్లలేంది?"

"మనుషులు మామా. మన లెక్కకు మనిషి సగం అగ్గిపుల్లంత."

ఆయన జేబులోంచి అగ్గిపెట్టె తీశాడు. ఒక పుల్ల ఏరి, సరిగ్గా మధ్యకు విరిచి, మందు లేని ముక్కను నా అరచేతిలో పెట్టాడు.

"దీన్ని గూడా పెట్టు."

నేను బంక సీసా అందుకున్నాను. "యాడ పెట్టల్ల?" అన్నాను.

ఆయన ఓడను ముందు నుంచి వెనక దాకా చూశాడు. కెప్టెన్ గది వైపూ చూశాడు, చక్రం వైపూ చూశాడు.

"ఆ అంచుకు పెట్టప్పా," అన్నాడు. "కింద రంగు సరిగ్గా పడిందో లేదో పైనుంచి ఒకతూరి సూడల్ల."

నేను బంక పూశాను. పుల్లను ఆయనే తన చేత్తో నిలబెట్టాడు.