ఈలాయన సోమవారాలు

మా మేడ మీద గదిలో ఉండే ఈలాయన ముప్పై ఏళ్ళు ఈలలు ఊదుకుంటూ బతికాడు. ఇది నేను అల్లిన మాట కాదు. అల్లినవి వేరే ఉన్నాయి, అవి వచ్చినప్పుడు మీకే తెలిసిపోతుంది. ఊరి చివర ఈలల ఫ్యాక్టరీ ఉండేది. ఆటల్లో రిఫరీలకు, రైలు గార్డులకు, కూడళ్ళలో నిలబడే పోలీసులకు కావలసినవన్నీ అక్కడే తయారయ్యేవి. ప్రతి ఈలనూ పెట్టెలో పెట్టే ముందు ఎవరో ఒకరు ఊది చూసి, స్పిరిట్టు గుడ్డతో తుడిచి పక్కన పెట్టాలి కదా. ఆ ఎవరో ఒకరు ఈయన. మా కాన్వెంటులో ఈల వేసినవాణ్ణి సిస్టరు మోకాళ్ళ మీద నిలబెట్టేది. ఈయనకు అదే పనికి జీతమిచ్చారు.

ఆయన ఊదితే మూడు వీధుల అవతల పడుకున్న కుక్కలు లేచి నిలబడేవంటారు. నేనైతే ఐదు వీధులంటాను. ఒకసారి ఫ్యాక్టరీ కిటికీ తెరిచి ఉండగా గార్డు ఈల పరీక్ష చేస్తే, దూరాన పట్టాల మీద ఆగి ఉన్న గూడ్సుబండి కదిలి వెళ్ళిపోయిందట. అసలు గార్డు అప్పటికి టీ తాగుతున్నాడట. అది నేను చూడలేదు. చూసినవాళ్ళను కూడా చూడలేదు.

ఇంత చప్పుడు చేసిన మనిషి ఇంట్లో మాత్రం చప్పుడు ఉండేది కాదు. భార్య పోయి చాలా కాలమైంది. పిల్లలు లేరు. ఒక మంచం, ఒక కుర్చీ, సుయ్యిమంటూ మండే పాత స్టవ్వు. పగలంతా చెవులు హోరెత్తిపోయే చోట ఉండి వచ్చినవాడికి సాయంత్రం ఆ నిశ్శబ్దం హాయిగానే ఉండేది. వినికిడి కూడా కొంత మందగించింది. స్టవ్వు మండుతుండగా తలుపు కొడితే వినబడేది కాదు. మేము కాలితో తన్నేవాళ్ళం.

గాలిపంపు పెట్టి ఒక్క దెబ్బకు వంద ఈలలు పరీక్షించే యంత్రం ఎక్కడో వచ్చింది. దానితో పోటీ పడలేక మన ఫ్యాక్టరీ మూతపడింది. అప్పటిదాకా హాయిగా ఉన్న నిశ్శబ్దం పొద్దున్నే మొదలై రాత్రిదాకా సాగడం మొదలెట్టింది. పొద్దుపోక ఆయన మెట్ల మీదికి వచ్చి కూర్చునేవాడు. అలా కూర్చున్నప్పుడు చెప్పినవే ఇవన్నీ.

జీతంలోంచి ప్రతి నెలా కొంత బీమా చందా కింద కోసేవాళ్ళు కనుక, పని పోయినవాళ్ళకు ఇచ్చే భృతి ఆయనకు వచ్చింది. ఎంతన్నది ఉపాధి ఆఫీసులో కౌంటరు అమ్మాయి విడమరచి చెప్పింది. గడిచిన ఏడాది జీతాలను మూడేసి నెలల చొప్పున నాలుగు ముక్కలు చేస్తారు. వాటిలో బాగా సంపాదించిన ముక్కను తీసుకుని, వారానికి ఎంత పడిందో చూస్తారు. అందులో సగం భృతి. వారానికి రెండు వందలు తెచ్చుకున్నవాడికి వంద అన్నమాట. అలా ఇరవై ఆరు వారాలకు సరిపడే మొత్తం మన పేరున ఒక కుండలో పోసి ఉంచినట్టు లెక్క. ప్రతి సోమవారం స్వయంగా వచ్చి, ఏయే చోట్ల పని అడిగామో చెప్పి, సంతకం చేసి, ఆ వారానిది తీసుకోవాలి.

ఈలాయనకు భృతి కంటే ఆ సోమవారం బాగా నచ్చింది.

ఆదివారం సాయంత్రమే చొక్కా ఇస్త్రీ చేసుకునేవాడు. ఆఫీసు తలుపులు తీయకముందే వెళ్ళి టోకెను తీసుకుని, గోడవారనున్న పొడవాటి బెంచీ మీద కూర్చునేవాడు. ఆయనకు ముందు నుంచీ వస్తున్న లిఫ్టాయన ఒకడు పక్కన చేరేవాడు. పాత హోటల్లో లిఫ్టు నడిపిన మనిషి. రోజుకు రెండు వందల సార్లు పైకొచ్చినవాణ్ణి మా వంశంలో నేనొక్కణ్ణే అని చెప్పుకునేవాడు. మూడో నెలలో ఒక మిషనామె వచ్చి చేరింది. బట్టల కంపెనీలో కుట్టుమిషను మీద పనిచేసి, ఆర్డర్లు తగ్గాయని తీసేస్తే వచ్చింది. నలభై దాటిన మనిషి, కూతురితో ఉంటుంది. నోరు మంచిది, అంటే బాగా తిడుతుంది. పని ఎక్కడ అడిగావని ఆఫీసు వాళ్ళు ఈలాయనను అడిగితే ఆయన చెప్పే జవాబులకు ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగేలా నవ్వేది. ఒక వారం అగ్నిమాపక కేంద్రానికి వెళ్ళి, గంట పాడైపోతే ఈల ఊదడానికి మనిషి కావాలేమోనని అడిగొచ్చాడట.

ఆమె ఆయనను అన్నయ్యా అనేది. ఆయన చెల్లెమ్మా అనేవాడు. పని అయ్యాక ముగ్గురూ ఎదురుగా ఉన్న బంకులో టీ తాగేవాళ్ళు. వారంలో మిగతా ఆరు రోజులు ఆయన మాట్లాడిన మాటలన్నీ కలిపినా ఆ టీ గ్లాసు నిండదు.

ఒక సోమవారం లిఫ్టాయన రాలేదు. ఆస్పత్రిలో లిఫ్టు దగ్గర పని దొరికిందని తెలిసింది. మంచి కబురే. కానీ బెంచీ మీద ఆ ఖాళీ చూశాక ఈలాయన తన వారాలు లెక్కపెట్టుకున్నాడు. కుండ సగం పైగా అయిపోయింది. ఇంకో రెండు మూడు నెలలు పోతే సోమవారం కూడా మంగళవారంలా ఉంటుంది.

అప్పుడు ఆయనకొక ఉపాయం తోచింది. చిల్లర పని ఏదైనా చేసి సంపాదిస్తే, భృతిలో పావు వంతు దాకా ఆఫీసు వాళ్ళు పట్టించుకోరు. ఆ పైన సంపాదించినంతా ఆ వారం భృతిలోంచి కోస్తారు. వంద భృతి వచ్చేవాడు డెబ్భై ఐదు సంపాదిస్తే ఇరవై ఐదు వదిలేసి, యాభై కోసి, మిగతా యాభై చేతిలో పెడతారు. కోసిన యాభై ఎక్కడికీ పోదు, కుండలోనే ఉంటుంది. అంటే కుండ రెట్టింపు రోజులు వస్తుంది. అంటే సోమవారాలు రెట్టింపు. ఇంకాస్త సంపాదిస్తే ఇంకా ఎక్కువ.

ఆయన వెంటనే ఊళ్ళో ఈతకొలను దగ్గర మధ్యాహ్నాలు పనికి కుదిరాడు. పిల్లలు లోతు వైపు పోతే ఈల ఊదాలి. కుండలోంచి ప్రతి వారం కొంచెం కొంచెమే తీస్తూ, ఈ లెక్కన రెండేళ్ళ దాకా బెంచీ నాదే అని మెట్ల మీద కూర్చుని నాతో అన్నాడు. భృతిని త్వరగా రాబట్టుకోవాలని చూసేవాళ్ళను చూశాను కానీ, రాకుండా ఆపుకోవాలని చెమటోడ్చినవాణ్ణి ఈయననొక్కణ్ణే చూశాను.

అదే ఉపాయం మిషనామెకు కూడా చెప్పాడు. ఇంటి దగ్గర కుట్టుపని పట్టు చెల్లెమ్మా, వచ్చినంత పట్టు, భృతిని కుండలోనే ఉండనీ అన్నాడు. ఆమెకు అది నచ్చింది. రాబోయే వానాకాలంలో ఇంటికొచ్చి గుడ్డలిచ్చేవాళ్ళుండరు, అప్పుడు కుండ దించుకోవచ్చు అనుకుంది. ఇంతమంచి ఉపాయం చెప్పినందుకు, ఈ ఆఫీసు గొడవ అయిపోయాక కూడా సోమవారం సోమవారం మా ఇంటికి టీకి రా అన్నయ్యా, ఈ బంకు నీళ్ళు ఎన్నాళ్ళు తాగుతాం అంది. ఆ పూట ఆయన మెట్లెక్కుతూ ఈల వేశాడు. పై అంతస్తులో పాలగిన్నె పగిలింది. సరే, పగల్లేదు.

అలా నెలలు గడిచాయి. ఒక సోమవారం సంతకం అయ్యాక కౌంటరు అమ్మాయి, "బాబాయ్‌గారూ, వచ్చే వారంతో మీది అయిపోతుంది," అంది.

ఆయన నవ్వి, కుండలో ఇంకా చాలా ఉందమ్మా, చూడు అన్నాడు.

"ఉంది బాబాయ్. కానీ మీరు దరఖాస్తు పెట్టి వచ్చే వారానికి ఏడాది. ఏడాది దాటితే ఉన్నా ఇవ్వరు."

"మరి మిగిలింది?"

"మిగలడమంటూ ఉండదు. నిధిలో కలిసిపోతుంది. మొదటి రోజే చెప్పాను కదా."

చెప్పే ఉంటుంది. ఏడాది అన్న మాట ఆయన విన్నాడు కూడా. కానీ ఈలల ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్ళు ఉన్నవాడి బుర్రలో ఆ మాట నిలవదు. అక్కడ రోజుకు ఇన్ని ఈలలని ఒక లెక్క ఉండేది. అంతకు మించి చేసినవి ఎవరివి వారు రేకుడబ్బాలో వేసుకునేవారు. ఒంట్లో బాగా లేని రోజున అందులోంచి తీసి లెక్క చూపించుకునేవారు. సంవత్సరం మారినా, యజమాని మారినా ఆ డబ్బా జోలికి ఎవరూ పోలేదు. ఒక ముసలాయన చనిపోతే ఆయన డబ్బాలోని ఈలలకు కూలి లెక్కగట్టి భార్యకు ఇచ్చారు. మిగిల్చుకున్నది మురిగిపోతుందని ఈలలవాళ్ళకు ఎవరు చెప్పినా నమ్మరు. ఆ ఫ్యాక్టరీలోని మనుషులు మాత్రమే చేయగల తప్పు అది.

తన సొమ్ము పోయినందుకు ఆయన అంతగా బాధపడలేదు. కౌంటరు దగ్గర నుంచి తిరిగి చూస్తే మిషనామె బెంచీ మీద టోకెను పట్టుకుని కూర్చుని ఉంది. ఆమె కుండ తనదానికంటే నిండుగా ఉందని ఆయనకు తెలుసు. నింపించింది తనే. ఆమెకు ఏడాది నిండడానికి ఇంకా మూడు నెలలే ఉంది. ఇప్పుడే చెప్తే కుట్టుపని ఆపేసి వారం వారం పూర్తిగా తీసుకుని కొంత దక్కించుకుంటుంది. చెప్పకపోతే తెలిసేసరికి అంతా పోతుంది. చెప్తే, వచ్చే వారం తర్వాత తాను వెళ్ళగలిగిన ఒకే ఒక్క ఇల్లు ఉండదు.

ఆయన వెళ్ళి పక్కన కూర్చున్నాడు. "చెల్లెమ్మా, నేను చెప్పిన లెక్క తప్పు," అన్నాడు.

"ఏ లెక్క?"

"కుండ లెక్క. ఏడాది దాటితే ఇవ్వరట."

"పొద్దున్నే నేనే దొరికానా అన్నయ్యా," అని ఆమె నవ్వింది. ఆయన నవ్వలేదు. ఆమె ముఖంలో నవ్వు కాసేపు అలాగే ఉండి, తర్వాత ఎటు పోవాలో తెలియనట్టు పోయింది.

"నువ్వు ఒంటి మనిషివి, పోతే పోయిందనుకుంటావు. నేను ఒకటి కుట్టాల్సిన చోట రెండు కుట్టాను. నడుం పడిపోయేలా కుట్టాను."

"తెలుసు."

"ఏం తెలుసు నీకు? తెలియకే కదా ఇంత చేశావు."

ఆమె టోకెనును వేళ్ళతో తిప్పుతూ, ఈసారి గొంతు తగ్గించి అడిగింది. "నిజం చెప్పు. నా మంచి కోరి చెప్పావా, నేను తొందరగా వెళ్ళిపోతే ఇక్కడ నువ్వొక్కడివే అయిపోతావని చెప్పావా?"

"రెండూ."

"ఏది ఎక్కువ?"

అబద్ధమాడితే ఆయనను ఎవరూ పట్టుకోలేరు. నేనైతే ఆ క్షణంలో అరడజను అల్లేవాణ్ణి. ఈలాయన మాత్రం, "రెండోది," అన్నాడు.

ఆమె నెంబరు పిలిచారు. ఆమె లేచి కౌంటరు దగ్గరకు వెళ్ళింది. ఆయన బంకు దగ్గర రెండు టీలు చెప్పి నిలబడ్డాడు. ఆమె వెనక తలుపు నుంచి వెళ్ళిపోయింది. ఆయన రెండూ తాగాడు.

మరుసటి సోమవారం ఆయన ఆఖరి సంతకం. ఆమె వేరే సమయానికి టోకెను తీసుకున్నట్టుంది, కనబడలేదు. బెంచీ నిండా కొత్త మొహాలు. ఎవరో కుర్రాడు చోటివ్వడానికి జరిగాడు, ఫోను లోంచి తల ఎత్తకుండానే.

ఆ పై సోమవారం ఆయనకు అక్కడ పని లేదు. అయినా ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళి బంకు దగ్గర నిలబడ్డాడు. లోపలికి వెళ్ళే హక్కు లేదు. వీధిలో నిలబడడానికి ఎవరి సంతకమూ అక్కర్లేదు. పొద్దెక్కాక మిషనామె బయటకొచ్చింది. చూసీ చూడనట్టు రెండడుగులు వేసి, ఆగి, రోడ్డు దాటి వచ్చింది. కూర్చోలేదు.

"ఈ వారం పూర్తిగా ఇచ్చారు," అంది.

"మంచిది."

"సగమన్నా దక్కుతుందట. అంతకంటే ఎక్కువ దక్కదు."

ఆయన తలూపాడు. టీ తాగుతావా అని అడగడానికి ఆయనకు నోరు రాలేదట.

"ఇంటికి మాత్రం ఇప్పుడే రాకు. నాకు చాలా కోపంగా ఉంది. తగ్గితే నేనే వస్తాను, మీ ఇల్లెక్కడో నాకు తెలుసు," అని వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం మెట్ల మీద ఇదంతా చెప్పి, ఈలాయన ఒక మాటన్నాడు. భార్య పోయాక తన మీద కోప్పడిన మనిషే లేరట. జాలిపడినవాళ్ళున్నారు, దారిమ్మని అడిగినవాళ్ళున్నారు, కాలితో తలుపు తన్నినవాళ్ళున్నారు. ఆ ఆఖరి మాటకు నేను ఆకాశం వంక చూశాను.

ఆమె ఇంకా రాలేదు. వానలు మొదలయ్యాయి. సాయంత్రం కొలను పని నుంచి వచ్చి ఆయన వంటకు కూర్చుంటాడు. పైనుంచి స్టవ్వు సుయ్యిమనడం మాకు వినబడుతూ ఉంటుంది. మెట్ల మీద ఎవరి అడుగుల అదురు తగిలినా, స్టవ్వు చప్పుడు ఆగిపోతుంది. అడుగులు మా తలుపు దగ్గరో, ఎదురింటి దగ్గరో ఆగాక, కాసేపటికి అగ్గిపుల్ల గీసిన చప్పుడవుతుంది.