దుప్పటి కింద స్టెల్లా

నిజాంపేట లేడీస్ హాస్టల్లో స్టెల్లా గురించి ఒక మాట తిరుగుతోంది. పగలంతా దుప్పటి ముసుగేసుకుని ల్యాప్‌టాప్‌లో ఎవడితోనో వీడియో కాల్ మాట్లాడుతుందట. ముసుగు మాత్రం నిజమే. కాఫీరంగు దుప్పటి కింద మోకాళ్లు ముడుచుకుని, ముక్కు స్క్రీన్‌కు ఆనించినంత దగ్గరగా కూర్చుంటుంది. అప్పుడప్పుడూ తల బయటపెట్టి, చెమట పట్టిన మెడ చున్నీతో తుడుచుకుని మళ్లీ లోపలికి పోతుంది. "నీ హీరోని మాకూ జర చూపియ్యవే," అని పక్క మంచం రజిత ఏడిపిస్తే నవ్వి ఊరుకుంటుంది.

అది ఆఫీసువాళ్లిచ్చిన ల్యాప్‌టాప్, ఆమె పనంతా హాస్టల్ నుంచే. పోయిన నెల వాళ్లు స్క్రీన్‌ను నడిపే సాఫ్ట్‌వేర్‌కు, అదే గ్రాఫిక్స్ డ్రైవర్‌కు, అప్‌డేట్ పంపినప్పటి నుంచి ఆ స్క్రీన్ మసకబారింది. బ్రైట్‌నెస్ గీత చివరిదాకా జరుగుతుంది గాని వెలుగు పెరగదు. పాత డ్రైవర్ వేసుకునే అనుమతి ఆమెకు లేదు. గది వెలుతురులో అక్షరాలు కనబడవు. ఇన్సూరెన్స్ క్లెయిముల అంకెల్లో ఇంకొక్క తప్పు పడితే ఉద్యోగం ఉండదని టీమ్ లీడ్ చెప్పేశాడు. ఆఫీసు హెల్ప్‌డెస్క్‌వాళ్లు అడిగితే స్టెల్లా నిన్న స్క్రీన్‌షాట్ పంపింది.

"చాలా క్లియర్‌గా ఉంది కదండీ," అన్నాడు ఫోన్లో హెల్ప్‌డెస్క్ అతను.

"స్క్రీన్‌షాట్‌లో బాగానే వస్తుందండీ, నాకిక్కడ కనపడట్లేదు. ఫోన్‌తో ఫొటో తీసి పంపనా?"

"అమ్మో, కంపెనీ స్క్రీన్‌ని ఫోన్‌తో తీస్తే మీ ఉద్యోగం పోద్దండీ. కంప్లయింట్ క్లోజ్ చేస్తున్నా."

ఫోన్ పెట్టేసి ఆమె మళ్లీ ముసుగేసుకుంది. రజిత గదిలో మిగతావాళ్లకు కన్నుగీటింది.

వీడియో కాల్ అయితే అవతలివాడికి ముఖం కనబడేంత వెలుగైనా ఉండాలి. స్టెల్లా దుప్పటి లోపల ఎప్పుడూ చీకటే.