గట్టు తగాదాలో మా హెడ్డన్న

నేను మహిళా కానిస్టేబుల్‌గా మొదట చేరింది ఓర్వకల్లు వైపు ఒక స్టేషన్‌లో. అక్కడి హెడ్ కానిస్టేబుల్‌ని అందరం అన్నా అనే పిలిచేవాళ్లం. పడమటి కర్నూలు పల్లెలో కూలి చేసుకునే ఇంట్లో పుట్టిన మనిషి. ఎడమచేతికి రెండు వేళ్లు లేవు. కడప జిల్లాలో పనిచేసేటప్పుడు బడి పక్కన గడ్డివాములో నాటుబాంబు దొరికిందంట. పిల్లల్ని బడి వదిలే వేళ. బాంబులు తీసే పోలీసులు వచ్చేదాకా ఆగలేక తనే తీసి దూరంగా ఇసుకలో పెట్టబోతుంటే పేలింది. ఇది మిగతావాళ్లు చెబితే విన్నాను గానీ ఆయన నోట ఒక్కసారీ వినలేదు.

ఫ్యాక్టరీలు వస్తాయని భూముల ధర పెరిగినాక మా ఊళ్లలో గట్టు తగాదాలు ఎక్కువైనాయి. ఆరోజు పొద్దున పదిగంటలకు ఫోన్ వచ్చింది. ఒక పెద్దాయన చేనిగట్టును ఆయన తమ్ముని కొడుకే జేసీబీ పెట్టి తీయిస్తున్నాడు. ఎస్సై జీపులో కోర్టుకు పోయినాడు. నేనూ అన్నా బైకు మీద బయల్దేరినాం.

మేం పోయేసరికే రాళ్లు లేస్తున్నాయి. రెండు పక్కలా కలిసి ఇరవై మంది దాకా ఉన్నారు. గాలిలో కారంపొడి. చెవి తెగి వేలాడుతున్న ఒక ఆడమనిషి ఇంకా రాళ్లు ఏరుతూనే ఉంది. అన్న జేసీబీ ఎక్కి తాళం లాక్కున్నాడు.

"ఏమప్పా, మంటికోసం మనుషుల్ని నరుకుతారా? కొడవండ్లు కింద పెట్టండి!"

అంతలో నా నుదుటికి రాయి తగిలింది. కంట్లోకి దిగిన నెత్తురు తుడుచుకుని చూస్తే పెద్దాయన కిందపడి ఉన్నాడు. తమ్ముని కొడుకు వేటకొడవలి ఎత్తినాడు. అన్న ఒక్క ఉదుటున పోయి పెద్దాయన మీద బోర్లా పడినాడు. మొదటి వేటు భుజం మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు నాకు వినిపించింది.

"తప్పుకో సార్, తప్పుకో!" అని అరుస్తానే వాడు మళ్లీ ఎత్తినాడు.

అన్న కదల్లేదు. రెండోది మెడ మీద పడింది.

అప్పుడు గానీ నా కాళ్లు ముందుకు పడలేదు. ఉరికిపోయి లాఠీతో వాని మణికట్టు మీద కొట్టినాను. కొడవలి జారిపడినా ఆపలేదు. వాడు కూలిపోయేదాకా కొట్టినాను. జనం చెల్లాచెదురైనారు.

పెద్దాయన తువ్వాలు లాక్కుని మెడకు అదిమిపెట్టినాను. వేళ్ల సందుల్లోంచి వేడిగా కారుతోంది.

"ముసిలాయనకు యాడన్నా తగిలిందేమో సూడు, పాపా."

"ఏం కాలేదన్నా. నువ్వు మాట్లాడొద్దు."

అంబులెన్సు కర్నూలు చేరకముందే అన్న చెయ్యి చల్లబడింది.

సొంతూర్లో పోలీసు లాంఛనాలతో సాగనంపినాం. గాలిలోకి తుపాకులు పేల్చినప్పుడు ఆయన ముసలితల్లి ఉలిక్కిపడి, గుండ్లు కొడుకుకే తగులుతాయన్నట్టు శవం మీదికి వంగింది. "ఇంగ సాలు నాయనా, ఇంగ కొట్టాకండి" అని మొత్తుకుంది.

కేసు విచారణకు వచ్చేలోపే ఆ రెండిళ్లు రాజీ అయినాయి. పెద్దాయన బోనెక్కి, కిందపడినాక తనకేమీ కనపడలేదన్నాడు. బయట నేను ఆయన్ను నిలదీసినాను.

"నీ మీద పడి చచ్చిపోయినాడు కదా, పెద్దాయనా! నువ్వు చూడలేదా?"

"వాడు నా తమ్ముని కొడుకమ్మా. నేనేం చేసేది?"

తర్వాత నా వంతు వచ్చింది. అవతలి లాయరు అడిగినాడు. "లాఠీ చేతిలో పెట్టుకుని మొదటి వేటు ఎందుకు ఆపలేదు?"

అన్న భార్య ఎదురుగానే కూర్చుని ఉంది. అబద్ధం చెప్పబుద్ధి కాలేదు.

"భయపడినాను సార్. నిలబడి చూసినాను."

ఆ మాటతో కేసు పోతుందనుకున్నాను. పోలేదు. తన తప్పు దాచుకోని సాక్షిని నమ్మొచ్చని జడ్జి అన్నాడు. యావజ్జీవం పడింది.

మెట్ల దగ్గర అన్న భార్య నన్ను ఆపింది. తిడుతుందనుకున్నాను.

"నిజమే సెప్పినావు," అంది. "ఆయప్పక్కూడా భయముండేది పాపా. పొద్దున డ్యూటీకి పోయేటప్పుడు శానాసార్లు సెప్పినాడు. అయినా పోతాండె."