తినలా, తాగినా

ముత్తుకూరు దగ్గరి పల్లెలో పేరమ్మ అబద్ధమాడదని పేరు. అడిగినదానికి మించి చెప్పదని కూడా పేరు. సముద్రానికి జడవని ఆ మనిషి పటకారుకు జడిసింది. దవడపన్ను పుచ్చి ముఖం ఒక పక్క బూరెలా పొంగినా, నిద్రపుచ్చి పీకితేనే వస్తానని భీష్మించింది. అది 1964. నెల్లూరులో అలా పీకుతున్నారని విని కోడలు మాలకొండమ్మ ఆమెను బస్సెక్కించి వెంట వచ్చింది.

అక్కడ పన్ను పీకేది ఒకరు, మత్తిచ్చేది ఇంకొకరు. మత్తిచ్చే డాక్టరు చెంచురామయ్యకు పంటితో పనిలేదు. రోగికి ఊపిరాడుతోందా లేదా, ఆయన చూసేది అదే.

"పొద్దున ఏమన్నా తిన్నావా అమ్మా?"

"తినలా."

"ఏమీ?"

"మెతుకు కొరికితే ఒట్టు. ఈ పన్నుతో ఏం కొరుకుతా?"

ఆయన మత్తుమందు చల్లిన గుడ్డ ముక్కు దగ్గరికి తెచ్చాడు. పేరమ్మ తేన్చింది. ఉల్లిపాయ వాసన, దాని వెనక ఎండునెత్తళ్ల చేపల వాసన. గుడ్డ ఆగిపోయింది.

"తినలేదన్నావే."

"తినలా. సద్ది తాగినా."

గుమ్మంలోంచి కోడలు సాయం వచ్చింది. "నిజమే డాక్టరుగారూ. నేనే అన్నం నీళ్లలో పిసికి ఇచ్చినా. సట్టెడు తాగింది, అంతే."

"మరి నెత్తళ్లు?"

"అవి నంజుకున్నా," అంది పేరమ్మ.

చెంచురామయ్య స్టూలు లాక్కుని కూర్చున్నాడు. "మెలకువగా ఉంటే గొంతుకడ్డం పడ్డది దగ్గి కక్కుతావు. మత్తులో దగ్గు కూడా నిద్రపోతుంది. సద్ది పైకొచ్చి ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది."

పేరమ్మ బల్ల మీద లేచి కూర్చుంది.

"అంటే, గట్టు మీద మునిగి చచ్చేదా?"

"అంతే."

సముద్రంలో పోతే నలుగురూ ఏడుస్తారు. సద్దిలో మునిగిందంటే పల్లె నవ్వుతుంది. పేరమ్మ బల్ల దిగింది.

మర్నాడు కోడలితో మళ్లీ వచ్చింది.

"తినడం, తాగడం, నంజుకోవడం, చప్పరించడం?" అన్నాడాయన.

"ఏం లేదయ్యా." గుడ్డ కదలగానే చెయ్యి అడ్డం పెట్టింది. "ఉండు. బుగ్గన ఆకువక్క ఉండాది. నమల్లా."

ఆయన ఉమ్మించాడు. నోరు కడిగించాడు.

"ఇంకేమన్నా మింగినావా?"

"మింగినా. బయల్దేరేటప్పుడు నా కోడలు మాలకొండమ్మ ఒక మాటన్నింది. అది మింగినా."

"అరిగిందా?"

"గొంతులోనే ఉండాది."

"అది ఊపిరికి అడ్డం రాదులే," అని ఆయన గుడ్డ కప్పాడు.

పన్ను వచ్చింది. ఊపిరి ఒక్కసారీ తడబడలేదు. పేరమ్మ కళ్లు తెరిచి, ఖాళీ అయిన చోటు నాలుకతో తడుముకుని, నెత్తురు ఉమ్మింది. పన్ను చూపించబోతే వద్దంది.

"ఉమ్మేది ఇంకొకటుండాది. మాలకొండమ్మ యాడుండాది?" అని అడిగింది.