మా పేరున తెగిన టికెట్లు

మొన్న మంగళవారం పొద్దున టికెట్ల కాక పోయారు. గుండెలో నొప్పి అంటే ఆటోలో మంచిర్యాలకు తీసుకెళ్తున్నారు. ఊరి చివర రైల్వే గేటు పడి ఉంది. బొగ్గు గూడ్సు ఒకటి పోయింది, వెనకే ఇంకొకటి వచ్చింది. గేటు లేచేసరికి ఆయన లేరు. ఫోన్లో ఆ మాట విన్నప్పుడు ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. ఎవరి మీదో అప్పటికి నాకే తెలియలేదు.

కాక రైల్వే ఉద్యోగి కాదు. మాది చిన్న హాల్టు స్టేషన్. అక్కడ కమీషన్ మీద టికెట్లు అమ్మేవారు. రోజుకు పోయే పాసింజరు ఒకటి, వచ్చేది ఒకటి. ఆ రెండింటి చుట్టే ఊరు పెరిగింది. బండి కూత వినబడితే గాని మిర్చి బజ్జీల మూకుడు పొయ్యి మీదికి ఎక్కేది కాదు. లగ్గం పత్రికలో ముహూర్తం ఏదున్నా, "జర పాసింజరు రానియ్యుండ్రి" అని అయ్యగారినే ఆపేవాళ్లు.

ఇంత ప్రేమున్న బండికి మేం టికెట్టు మాత్రం కొనేవాళ్లం కాదు. అదే మా ఊరి గొప్ప. "మనూరి బండికి మనకు టికెట్టేందిరా?" అనేవారు పెద్దమనుషులు. ఎవడైనా కొంటే కొత్తల్లుడని ఎగతాళి. డిగ్రీకి మంచిర్యాల పోయిన మూడేళ్లూ నేను కాక కిటికీ ముందు నుంచే దర్జాగా నడిచి వెళ్లాను.

ఆయన ఒక్కనాడూ కోప్పడలేదు. ఇప్పుడు నన్ను కాల్చేది అదే. చెవి మీద పెన్సిల్ ముక్క పెట్టుకొని, కిటికీలోంచి ఒకటే మాట అనేవారు: "బిడ్డా, టికెట్టు బండికి కాదు, ఊరికి. గది తెగకుంటె గీడ ఊరున్నట్టు పైనోళ్లకెట్ల ఎరుకైతది?"

"నువ్వే చెప్పు కాకా, ఊరున్నదని" అని నవ్వి బండెక్కేదాన్ని.

చివరికి టికెట్లు తెగడం లేదని, ఇంకో నెల చూసి బండి ఆపడం మానేస్తామని పైనుంచి కాగితం వచ్చింది. కాక ఇల్లిల్లూ తిరిగారు. "ఒక్క నెల కొనుండ్రి, దండం పెడత" అన్నారు. "కమీషన్ కోసం తిరుగుతుండు" అన్నది ఊరు. నేనూ అక్కడే ఉన్నాను, కాదనలేదు. ఆ నెల గడిచాక బండి ఆగడం మానేసింది. అప్పుడు పట్టాల మీద కూర్చొని ధర్నా చేశాం, ఫోటోలు దిగాం. సిగ్గు లేకపోతే సరి. స్టేషన్ బజారులో ఇప్పుడు షట్టర్లకు తుప్పు తప్ప ఏమీ లేదు.

మూడో రోజు పరామర్శకు పోతే కాక భార్య, మా చిన్నమ్మ, ఒక రేకు డబ్బా తెచ్చి నా ముందు పెట్టింది. లోపల దారం చుట్టిన అట్ట టికెట్ల కట్ట. అన్నీ ఆ ఆఖరి నెలవే, అన్నీ మంచిర్యాలకే. ఒక్కోదాని వెనక పెన్సిల్‌తో ఒక్కో పేరు. పెద్దమనుషులవి, బజ్జీలామెది, నాది.

"మీరు కొనకపోతిరి. మీ పేర్ల మీద ఆయినే కొన్నడు బిడ్డా. బండి నిలవడాలె గదా. ఉన్న పైసలన్ని పెట్టినా లెక్కకు సాలకపాయె" అంది. ఆమె గొంతులో తిట్టు కూడా లేదు.

నా పేరున్నది అడిగి తీసుకున్నాను. సాయంత్రం బండి వేళకు స్టేషన్‌కు పోయాను. ప్లాట్‌ఫారం మీద గడ్డి మోకాళ్ల దాకా పెరిగింది. కాక కిటికీకి చెక్కలు కొట్టేశారు. మా ఊరి స్టేషన్లో నేను టికెట్టుతో నిలబడటం అదే మొదటిసారి. దూరంగా కూత వినబడింది. చేయెత్తాను. బండి కిటికీ పక్కన కూర్చున్న పసిపిల్ల ఎవరో నాకు టాటా చెప్పింది. బండి ఆగలేదు.